బస్సుల చదువు

నీల బస్సుల గురించి చదవాలని ఎన్నడూ అనుకోలేదు. ఆమెది సిరిసిల్ల. తండ్రి రాజలింగం ఒక సేటు షెడ్డులో కూలికి సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలనే అంటారు. తల్లి లీల ఇంట్లో కండెలు చుట్టేది. పొద్దస్తమానం చప్పుడుండే వాడ కాబట్టి అక్కడి పిల్లలందరికీ గట్టిగా మాట్లాడటం అలవాటు. నీల మాత్రం ఎదుటివాళ్లు "ఆఁ? ఏమన్నవ్?" అని మళ్లీ అడిగేంత మెల్లగా మాట్లాడేది.

డిగ్రీ అయ్యాక వరంగల్లు యూనివర్సిటీలో ఎమ్మే ఎకనామిక్స్‌లో సీటొచ్చింది. రెండో ఏడాది ఒక ప్రత్యేక పేపరు ఎంచుకోవాలి. పరిశ్రమల అర్థశాస్త్రం తీసుకుంటే నాన్న ఇంత కష్టపడ్డా ఇంట్లో ఏమీ మిగలదెందుకో తెలుస్తుందని ఆమె ఆశ. సెలవులకు ఇంటికొచ్చి తిరిగి బయలుదేరే రోజున బంద్ పడింది. అన్నలు, అంటే నక్సలైట్లు, బంద్ అన్నారంటే ఆ కాలంలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కున బస్సు చక్రం తిరిగేది కాదు. నీల వరంగల్లు చేరేసరికి పరిశ్రమల పేపరులో సీట్లు నిండిపోయాయి. ఎవరూ అడగని పేపరొకటి మిగిలింది: రవాణా అర్థశాస్త్రం, నిర్వహణ.

"గీ పేపర్ల ఏం చెప్తరు సార్?" అని ఆ పేపరు బోధించే ఏసయ్య సారును అడిగింది.

"బస్సు ఎందుకు నడుస్తది, ఎందుకు ఆగుతది, ఆగితే ఎవరికి నష్టం," అన్నాడాయన. "అది సరే, నువ్వెందుకు లేటైనవ్?"

"బస్సు రాలే సార్."

"అయితే సగం సిలబస్ నీకు తెల్సినట్టే!"

ఆయన నవ్వులాటకన్నాడో నిజంగానే అన్నాడో నీలకు తేలలేదు. అడగడానికి మొహమాటపడింది.

ఇంట్లో చెబితే తల్లి బిత్తరపోయింది. "బస్సుల చదువేంది బిడ్డా? నిన్ను కండక్టర్ను చేస్తరా?"

"కాదమ్మా. బస్సులు ఎట్ల నడుపాల్నో చెప్తరు."

"అంటే డ్రైవరా?"

"ఏ, ఊకో," అన్నాడు రాజలింగం. "ఆఫీసరయితది. డిపోల కుర్సీల కూసుంటది." అన్నాడే గాని, ఆయనకూ నమ్మకం లేదు. షెడ్డులో ఎవరైనా అడిగితే "మా బిడ్డ పెద్ద చదువే చదువుతంది" అని సాంచె వైపు తిరిగేవాడు.

నీలకే అది సరిగా అర్థమైతే కదా, ఇంకొకరికి చెప్పడానికి! క్లాసులో రేఖలు గీసేవాళ్లు. ఒకటి పైకి పోయేది, ఒకటి కిందికి దిగేది, రెండూ కలిసిన చోట చుక్క పెట్టేవాళ్లు. ఆ చుక్క దగ్గర ఏ ఊరుందో ఆమెకు తెలిసేది కాదు. ఒక్క మాట మాత్రం బాగా నాటుకుంది. "ప్రయాణం కోసం ఎవరూ ప్రయాణం చెయ్యరు," అని ఏసయ్య సారు మొదటి పాఠంలోనే చెప్పాడు. "సంతకు పోవాలె, దవాఖానకు పోవాలె, పనికి పోవాలె. అందుకే బస్సెక్కుతరు. ఆ పని లేకుంటే బస్సు అక్కర్లేదు. దీన్నే ఉత్పన్న డిమాండు అంటరు." ఈ మాట నీలకు నచ్చింది. చదువు మొత్తంలో ఆమె చేతికి దొరికిన గట్టి కొమ్మ అదొక్కటే.

వేసవి సెలవుల్లో ప్రతి ఒక్కరూ ఒక సర్వీసును పరిశీలించి రాయాలన్నారు. జగిత్యాల నుంచి కోరుట్ల మీదుగా సిరిసిల్లకు ఒక ఆర్డినరీ బస్సుండేది. పొద్దున సిరిసిల్లలో బయలుదేరి, సాయంత్రం జగిత్యాల నుంచి తిరిగొచ్చేది. రాకలో కోరుట్ల దాటితే చాలు, లోపల సీట్లే తప్ప మనుషులుండేవాళ్లు కాదు. ఆ సర్వీసును ఎత్తేస్తారని అనుకుంటున్నారు.

"ఛార్జీ ఎక్కువై ఎక్కుతలేరా? జీపులోళ్లు గుంజుకపోతున్నరా? జనం దగ్గర పైసలే లేవా? ఈ మూడిట్ల ఏదో ఒకటుంటది," అన్నాడు ఏసయ్య సారు. "బస్సుల కూసోని అడుగు. ఎక్కడ ఎక్కినవ్, ఎక్కడికి పోతున్నవ్, ఎందుకు పోతున్నవ్. అంతే."

ప్రపంచంలో ఎక్కడైనా ప్రయాణికులను అడిగే ప్రశ్నలు ఇవేనని పుస్తకంలో రాసుంది. కోరుట్ల రోడ్డు మీద ఆ ప్రశ్నలు ఇంకెవరు అడుగుతున్నారో పుస్తకం రాసినవాళ్లకు తెలియదు.

బస్సు కండక్టరు ఫజలుద్దీన్‌ది కోరుట్ల. గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డం, నెమ్మదైన మనిషి. నీల సంగతి విని తన పక్క సీటు ఖాళీ చేయించాడు.

"మీకేం ఇబ్బంది లేదు గద చాచా?"

"నాకేం ఇబ్బంది బేటీ? నేను టికెట్ కోసం అడుగుత, నువ్వు చదువు కోసం అడుగు. చెప్తరో చెప్పరో అల్లాకెరుక."

చెప్పారు. కాదనలేదు ఎవరూ. కాకపోతే తలొంచుకుని చెప్పేవాళ్లు, కిటికీ బయటికి చూస్తూ చెప్పేవాళ్లు. ఎందుకు పోతున్నారంటే దాదాపు అందరిదీ ఒకటే జవాబు. "పెండ్లికి." మేకపిల్లను సంచిలో పెట్టుకున్న ముసలాయన పెండ్లికే. తలకు కట్టు కట్టుకున్నాయనా పెండ్లికే. చంకలో ఏమీ లేకుండా, చెప్పులు కూడా లేకుండా ఎక్కిన ఇద్దరు పడుచువాళ్లూ పెండ్లికే. ఎండాకాలం కదా, నిజమే కాబోలనుకుంది నీల. తన పరిశీలన బాగానే సాగుతున్నదని సంతోషపడింది కూడా.

ఒకరోజు అన్నం తింటూ ఆ మాట తల్లికి చెప్పింది. "మన దిక్కు జనం పెండ్లిండ్లకు తప్ప ఏడికీ పోరమ్మా."

లీల చెయ్యి గిన్నెలోనే ఆగింది. "మూఢం నడుస్తుంటె పెండ్లిండ్లేంది బిడ్డా? పక్కింటి పిల్ల లగ్గమే శ్రావణానికి జరిపిండు అయ్యగారు. ఎవలు చెప్పిండ్రు నీకు?"

"అందరు."

"అందరు ఉత్త మాట చెప్పిండ్రన్నట్టు."

నీల లేచి తన కాగితాలు తిరగేసింది. అబద్ధం ఒకరిద్దరు చెబితే సరే. ఒకరికొకరు తెలియనివాళ్లు, వేర్వేరు ఊళ్లలో ఎక్కినవాళ్లు అందరూ కలిసి ఒకే అబద్ధం ఎట్లా చెప్పారు? తనతో చెప్పడానికి భయమేముంది? ఆమెకు మొదలూ తోచలేదు, చివరా తోచలేదు.

ఆ బస్సులో నిజం చెప్పినట్టు కనబడ్డది ఒక్క శంకరవ్వ. తాటివాగు అనే పల్లెలో ఎక్కేది. ఎండిన చెరుకుగడలా ఉండే ముసలమ్మ, చేతిలో చిన్న మూట. ఒకరోజు కోరుట్ల దాకా, ఒకరోజు జగిత్యాల దాకా పోయి, అక్కడ కాసేపు కూర్చుని తిరుగు బస్సెక్కేది.

"ఎందుకు పోతున్నవ్ అవ్వా?"

"ఉత్తగనే."

"ఉత్తగనే అంటే? బిడ్డ ఉందా ఆడ? మొక్కు ఉందా?"

"ఏం లేదు బిడ్డా. ఉత్తగనే పోతున్న, ఉత్తగనే అస్త."

అబద్ధాలు చెప్పినవాళ్లందరి జవాబులూ నీల రాసుకుంది. ఈ జవాబు మాత్రం ఎక్కడ రాయాలో తెలియలేదు. పుస్తకం ప్రకారం ఇట్లాంటి మనిషి ఉండకూడదు.

తర్వాతి వారంలో అడవి దాటిన చోట పోలీసులు బస్సాపారు. అందరినీ దింపి మూటలు విప్పించారు. అది మామూలే. ఆ రోజు ఎస్సై నీలను పక్కకు పిలిచాడు. వేరే జిల్లా నుంచి వచ్చిన చిన్న వయసువాడు, చూస్తే ఆమె క్లాసులో కూర్చునేవాడిలాగే ఉన్నాడు.

"ఎక్కడ ఎక్కావు? ఎక్కడికి వెళ్తున్నావు? ఎందుకు వెళ్తున్నావు?"

నీలకు ఒక్కక్షణం తననే ఎవరో వెక్కిరిస్తున్నట్టు అనిపించింది. "యూనివర్సిటీ సార్. బస్సుల మీద చదువుతున్న."

"బస్సుల మీద చదువుంటుందా? రోజూ ఎక్కి అందరినీ ఆరా తీస్తున్నావని మాకు తెలిసింది. ఎవరి కోసం?"

"ఏసయ్య సార్ కోసం సార్."

"అతను ఏ దళం?"

ఆమె యూనివర్సిటీ గుర్తింపు కార్డు తీసి చూపింది. ఉత్పన్న డిమాండు గురించి చెప్పబోయి మానేసింది. ఎస్సై కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, కొంచెం మెత్తబడ్డాడు. "జనం నీతో ఏం చెబుతున్నారు?"

అందరూ పెండ్లికంటున్నారన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. రోడ్డు పక్కన ఎండలో నిలబడ్డ వాళ్లందరూ తననే చూస్తున్నారు. మూఢంలో పెండ్లిళ్లేమిటని ఎస్సై అడిగితే వీళ్లేం చెబుతారు? మాట మింగేసింది.

"ఏం చెప్తలేరు సార్."

"సరే, చదువుకో. తాటివాగులో కొత్తవాళ్లెవరైనా ఎక్కితే మాక్కూడా చెబుతూ ఉండు."

"సరే సార్," అంది. బస్సెక్కాక గానీ తాను దేనికి ఒప్పుకుందో ఆమెకు తెలియరాలేదు.

మరునాడు తాటివాగు దగ్గర ఇంజను వేడెక్కి బస్సు ఆగింది. డ్రైవరు నీళ్లకు పోయాడు. లుంగీ కట్టుకున్న యువకుడొకడు కిటికీ దగ్గరికొచ్చి "అక్కా, కొంచెం దిగుండ్రి," అన్నాడు మర్యాదగా. నీల దిగింది. దిగకుండా ఉండొచ్చని అప్పుడామెకు తట్టలేదు.

"మీది ఏ ఊరు? రోజు ఏడికి పోతున్నరు? ఎందుకు పోతున్నరు?"

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అదే యూనివర్సిటీ కథ చెప్పింది.

"నిన్న పోలీసులు ఏమడిగిండ్రు?"

"మీరిప్పుడు అడిగినయే అన్నా."

అతను ఆమె ముఖంలోకి చూశాడు, వెటకారమేమో అని. కాదని తెలిసిందేమో, గొంతు తగ్గించాడు. "ఆళ్లు మామూలు బట్టలేస్కోని బస్సుల ఎక్కుతున్నరట. ఏ స్టేజీ కాడ ఎక్కుతున్నరో చూసి మాకు చెప్పుండ్రి."

"సరే అన్నా."

ఇద్దరికీ సరే అంది. రెండూ భయంతో అన్న సరేలే. ఏ ఒక్కటి నిలబెట్టుకున్నా ఎవరో ఒకరి ప్రాణం మీదికి వస్తుంది, నిలబెట్టుకోకపోతే తన మీదికి వస్తుంది. పరీక్షలో ప్రశ్న అర్థంకాక కూర్చున్నట్టే ఉంది ఆమెకు. కాకపోతే ఇక్కడ ఖాళీ కాగితం ఇచ్చి లేచిపోవడం కుదరదు.

ఇంటికొచ్చి తండ్రికి చెప్పింది.

"ఇడిసిపెట్టు బిడ్డా. ఇంకో చదువు చదువుదువు."

"ఇంకోటి లేదు నాయినా. పరీక్ష కట్టిన."

"నువ్వు తప్పేం జేస్తలేవు గద?"

"తెల్వది నాయినా. తప్పు జేస్తున్ననో, ఒప్పు జేస్తున్ననో నాకు సమజైతలేదు."

మరునాడు రాజలింగం షెడ్డుకు పోకుండా బిడ్డతో బస్సెక్కాడు. ఏం చేయగలడని కాదు, ఊరికే పక్కన కూర్చున్నాడు. నెత్తిన దూది పీచు అంటుకునే ఉంది. నీల ఆ రోజు ఎవరినీ ఏమీ అడగలేదు. తాటివాగులో శంకరవ్వ ఎక్కి ఎదురు సీట్లో కూర్చుంది. కొంతదూరం పోయాక ఆమే పలకరించింది.

"ఏమాయె బిడ్డా, ఇయ్యాల అడుగుతలేవు?"

"అడుగను అవ్వా. అడిగితే నిజం చెప్పరు."

శంకరవ్వ రాజలింగం వైపు ఒకసారి చూసి, తండ్రేనని తెలుసుకుని, ముందుకు వంగింది. "నేను నీకు అబద్ధం చెప్పలే. నా కొడుకు ఇంట్లకెల్లి పోయి రెండేండ్లాయె. ఆళ్లల్ల కలిసిండంటరు కొందరు, సచ్చిపోయిండంటరు కొందరు. ఇంట్ల ఉంటె పోలీసులచ్చి నీ కొడుకేడంటరు. ఆళ్లు పోంగనే ఇంకోళ్లచ్చి పోలీసులకు ఏం చెప్పినవంటరు. వాకిట్ల కూసుంటె ఊరోళ్లు అడుగుతరు. గీ బస్సుల అడిగినా అందర్ని అడుగుతరు గని నన్నొక్కదాన్నే అడుగరు. గందుకే ఎక్కుత. పొద్దు పోతది." ఆగి, కోపం లేకుండానే అంది: "ఈడ గూడ అడిగెటందుకు నువ్వొకదానివి మోపైతివి."

నీల కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. ఇన్నాళ్లూ ఆ ముసలమ్మ జవాబు తప్పనుకుంది. తప్పు జవాబులో లేదు, అడగడంలో ఉంది. అది తెలిసింది గానీ, అడగకపోతే చదువెట్లా సాగుతుందో తెలియలేదు. బస్సు జగిత్యాల చేరేదాకా అదే తిప్పలు. దిగబోతున్న శంకరవ్వకు చెయ్యందిస్తూ, ముందుగా ఏమీ ఆలోచించుకోకుండానే, "అవ్వా, గీ బస్సు ఏ యాళ్లకు వస్తే నీకు మంచిగుంటది?" అంది.

శంకరవ్వ ఆగింది. "మాపటిది జర జల్దీ రావాలె. పొద్దుండంగనే ఇంట్ల పడేటట్టు."

ఆ మరునాటి నుంచి నీల ఆ ఒక్కటే అడిగింది. ఎక్కడ ఎక్కావనలేదు, ఎక్కడికనలేదు, ఎందుకనలేదు. మొదట నమ్మలేదు జనం. తర్వాత కోరుట్లలో బీడీల గంప దించుతూ గుల్షన్ బీ మొదలుపెట్టింది. "అచ్ఛా సవాల్, మంచి మాట అడిగినవ్ అమ్మా! కార్ఖానల బీడీలిచ్చి వచ్చేసరికి గీ బస్సు తప్ప ఇంకోటి లేదు. దిగేటాళ్లకు చీకటి. చీకట్ల దిగుడెందుకని కోరుట్లలనే మా చెల్లెలింట్ల పడుకుంట." వెనక సీటు నుంచి ఒకాయన అందుకున్నాడు: "దిగినంక ఊర్లెకు నడువాలె గద! గీళ్లు ఎదురైతే ఆళ్ల కాడికెల్లి అస్తున్నవంటరు, ఆళ్లు ఎదురైతే గీళ్ల కాడికెల్లి అస్తున్నవంటరు." ఇంకొకామె, జగిత్యాల దవాఖానకు పోతే రాత్రంతా బస్టాండులోనే కూర్చుని పొద్దున వస్తామంది. అందరూ ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడారు. బస్సంతా సంత చప్పుడు.

"ఇన్నేండ్ల సంది టికెట్లు కొడుతున్న, గీ ముచ్చట నాతోని ఒక్కలు చెప్పలే," అన్నాడు ఫజలుద్దీన్ ఆశ్చర్యంగా.

ఛార్జీ కాదు, జీపులు కాదు, పైసలు లేక కాదు. చీకటికి భయపడి ఎక్కడం లేదు. ఏసయ్య సారు చెప్పిన మూడింటిలో ఇది లేదు.

ఎస్సై మళ్లీ బస్సాపి, జనం ఏం చెప్పారని అడిగాడు. "సాయంత్రం బస్సు తొందరగ రావాలంటున్నరు సార్," అంది నీల. "అంతేనా?" "అంతే సార్." ఆయన విసుగ్గా చెయ్యి ఊపి పొమ్మన్నాడు. తాటివాగు యువకుడు అడిగితే అతనికీ అదే చెప్పింది. "నిజమే, జల్దీ వస్తే మంచిది," అన్నాడతను. మా అమ్మ కూడా ఇదే అంటుందని అన్నాడు. అన్నాక నాలిక్కరుచుకుని వెళ్లిపోయాడు. అతను మళ్లీ కనబడలేదు. అతని తల్లి ఎవరో, ఆ ఊళ్లో అట్లాంటి తల్లులు ఎంతమందో నీలకు తెలియదు. శంకరవ్వ అయి ఉండొచ్చా అని ఒకసారి అనుకుని, వెంటనే ఆ ఆలోచనను అవతలికి నెట్టింది.

ప్రాజెక్టు రాసి ఇచ్చింది. మౌఖిక పరీక్షకు బయటి నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చాడు.

"సీట్లు నిండకపోవడానికి కారణం భయమని రాశావు. భయాన్ని ఎలా కొలిచావు?"

"కొలువలే సార్."

"కొలవకుండా కారణమని ఎలా అంటావు? పోనీ ఈ మాట చెప్పినవాళ్ల పేర్లు, ఊళ్లు ఉన్నాయా?"

"లేవు సార్. రాసుకోలే."

"ఎందుకు రాసుకోలేదు?"

నీల ఏసయ్య సారు వైపు చూసింది. అడిగినాయన మంచివాడే, తెలియక అడిగాడు. ఏసయ్య సారు కుర్చీ కదిపి, "ఆ పిల్లది సిరిసిల్ల సార్," అన్నాడు. ప్రొఫెసర్ ఆయన వైపు, ఆమె వైపు చూసి, కాగితాలు మూసేశాడు. నీల సెకండ్ క్లాసులో పాసయింది. మెచ్చుకుని పాస్ చేశారో, జాలిపడి పాస్ చేశారో ఇప్పటికీ ఆమెకు అనుమానమే.

దసరా ముందర జగిత్యాల నుంచి బయలుదేరే ఆ బస్సు వేళ మారింది. పొద్దు వాలకముందే తాటివాగు దాటేది. ఏసయ్య సారు ఆమె ప్రాజెక్టును ఎవరికైనా పంపారా, ఫజలుద్దీన్ చాచా డిపోలో చెప్పాడా, లేక చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద నడపడానికి డ్రైవర్లే జంకారా? నీల బస్టాండులో కంట్రోలరును అడిగింది. "పైకెల్లి ఆర్డరొచ్చిందమ్మా," అన్నాడాయన. పైనెవరో ఆయనకూ తెలియదు. కానీ బస్సు నిండింది. కోరుట్లలో నిలబడటానికి చోటు దొరికేది కాదు. ఒకరోజు నీల కూడా నిలబడే వచ్చింది. గుల్షన్ బీ ఖాళీ గంప ఆమె భుజానికి గుచ్చుకుంటుంటే, ఎందుకో తెలియని సంతోషం వేసింది.

అది ఎక్కువ కాలం సాగలేదు. ఏడాది తిరక్కముందే ఒక బంద్ నాడు ఆ రోడ్డు మీద ఒక బస్సును జనాన్ని దింపి తగలబెట్టారు. కొన్ని నెలలు సర్వీసే లేదు. మళ్లీ వేశారు, మళ్లీ ఆపారు. నీల డిపోలో ఆఫీసరు కాలేదు. కోరుట్లలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే ఉద్యోగం దొరికింది. అక్కడే బడిపంతులు పరశురాములును పెండ్లి చేసుకుని ఉండిపోయింది. పిల్లలకు గిరాకీ పాఠం చెప్పేటప్పుడు, పుస్తకంలో ఉన్నది చెప్పి, "అన్నిచోట్ల గిట్లనే ఉండదు," అని ఊరుకునేది. ఎందుకుండదు మేడం అని అడిగితే నవ్వేది.

ఒక సాయంత్రం కోరుట్ల మార్కెట్లో ఫజలుద్దీన్ కనిపించాడు. రిటైరయ్యాడు. గడ్డానికి గోరింటాకు పెట్టడం మానేశాడు. మంచీచెడూ అయ్యాక నీల శంకరవ్వ సంగతి అడిగింది.

"ఇల్లు తాళమేసి కొడిమ్యాల పోయింది బేటీ. బిడ్డ దగ్గరుంటందట. నేను డ్యూటీల ఉండంగనే బస్సెక్కుడు బంద్ చేసింది."

"మరి కొడుకు? అచ్చిండా?"

ఆయన సంచిలోని వంకాయలు సర్దుకున్నాడు. "ఆఖరిసారి ఎక్కినప్పుడు నా పక్కనే కూసున్నది. అడగబుద్ధయింది. అడుగలే."

"మంచిగ చేసినవ్ చాచా," అంది నీల. అది మంచో కాదో ఆమెకు రూఢిగా తెలియదు. ఇద్దరూ కాసేపు అక్కడే నిలబడి, ఆ ఏడు వానలు ఎట్లున్నాయో మాట్లాడుకుని, ఎవరింటికి వాళ్లు పోయారు.